మూడు హెచ్చరికల పాఠము

భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులకు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ప్రకటింతురు. వరదకు ముందే నిర్ణయమైన మట్టములివి. 1986లో నది 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు పొంగినది. అట్టి వేళ కూర్చుండి ఆలోచించుటకు వ్యవధి యెక్కడిది?

ఈ తీరమునకు సమీపముననే, కొత్తగూడెమున, 1978లో గనుల విద్యకై వెలసిన కళాశాల పిమ్మట కంప్యూటరు శాఖను గూడ చేర్చుకొన్నది. అయితే సాఫ్ట్‌వేరు పనుల నిర్వహణమను పాఠము ఎక్కడి ఇంజనీరింగు విద్యార్థికైనను తరచు కంఠపాఠముగనే మిగులుచున్నది. ఆలస్యమైన పనికి మనుష్యులను చేర్చిన అది మరింత ఆలస్యమగునని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే వ్రాసెను. క్రొత్తవారికి బోధించుటలో పాతవారి పని ఆగును. ఎన్నడును జట్టుగా పనిచేయని బాలునకు ఇది పరీక్షలో వ్రాయు వాక్యము మాత్రమే.

ఐదుగురికి ఒక నిజమైన పని అప్పగింపవలెను: వరద శిబిరములలో ఎవరెవరు చేరిరో, ఎంత బియ్యము కావలెనో చూపు చిన్న సాఫ్ట్‌వేరు. నడుమ ఉపాధ్యాయుడు కోరిక మార్చి, కోయభాషలోను వినిపింపవలెననవలెను. వ్యయమునకు అనుమతి యెవరిదో ముందే వ్రాయింపవలెను. రామదాసు చెరసాల కథ ఈ సీమలో ఎవరికి తెలియదు! ఒక వారము వెనుకబడిన ఏ భాగము విడువవలెనో, రెండు వారములైన ఎవరికి తెలుపవలెనో మొదటినాడే నిర్ణయింపజేయవలెను. మూడవ వారముననే ‘గడువునకు పూర్తికాదు’ అని తెలిపిన జట్టుకు, చివరి రాత్రివరకు మౌనము వహించిన జట్టుకంటె ఎక్కువ మార్కులు రావలెను.