‘బాధపడుతున్న’ అని రాసింది నేనే

పోయినేడాది ఏప్రిల్ 2న మన కాలేజీ వాట్సాప్ గ్రూపులన్నింట్లో ఒక పోస్టర్ తిరిగింది. గుర్తుందా? చీకటి గది. మూలన మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్న పిల్లాడు. పక్కన నీలిరంగు పజిల్ ముక్క. కింద రెండు లైన్లు: ‘ఆటిజంతో బాధపడుతున్న చిన్నారులకు చేయూతనిద్దాం, వారి చీకటి ప్రపంచంలో దీపం వెలిగిద్దాం.’ డిజైన్ సీఎస్‌ఈ వాళ్లది. ఆ రెండు లైన్లు మాత్రం నావి. అంత్యప్రాస కుదిరిందని మురిసిపోయాను కూడా. లైకులు బాగానే వచ్చాయి. స్టేటస్ పెట్టుకున్నవాళ్లలో మీరూ ఉండే ఉంటారు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం పేరాలలో మా పిన్ని వాళ్లింటికి వెళ్లాను. పిన్ని కొడుక్కి పదిహేడేళ్లు. వాడికి నాలుగో ఏట డాక్టర్లు ఆటిజం అని చెప్పారు. పిన్ని ఫోన్‌లో పోస్టర్ చూసి, “ఏందిరా ఇది, నువ్వు రాసిందేనా?” అంది. అవునన్నాను, కొంచెం గర్వంగానే.

“మనోడు బాధపడతన్నాడని నీతో ఎవరు చెప్పారు నాయనా?” అంది.

కోపంగా అనలేదు. కూర ఎలా ఉందని అడిగినట్టే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఫోన్ వాడి చేతికిచ్చింది. వాడు ఎక్కువ మాట్లాడడు. బొమ్మ వంక కాసేపు చూసి, “లైటు” అన్నాడు. ఆ గదిలో లైటు వెయ్యమని.

ముగ్గురం నవ్వుకున్నాం. కానీ ఇంటికొచ్చాక పిన్ని అడిగిన ప్రశ్న వదల్లేదు. ఏడాది ఆలస్యంగా దానికి జవాబు రాస్తున్నాను.

వాణ్ని బాధపెట్టేవి లేవా అంటే, ఉన్నాయి. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు గట్టిగా మూసుకుంటాడు. అదే పక్కింట్లో మగ్గం చప్పుడైతే ఎంతసేపైనా వింటాడు. బహుశా అది ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టేమో. బస్సులో వాడు చేతులు ఊపితే చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి తిరిగి చూస్తారు. ‘ఎక్కడా చూపించలేదా అమ్మా?’ అని అడిగేవాళ్లు కొందరు, తాయెత్తు కట్టించమనేవాళ్లు కొందరు. పెళ్లికి పిలుస్తూనే, ‘వాణ్ని ఇంటి దగ్గర ఎవరన్నా చూసుకుంటారుగా’ అని మెల్లగా అనే చుట్టాలూ ఉన్నారు.

వీటిలో ఒక్కటి కూడా నా పోస్టర్‌లో లేదు. బాధంతా వాడి లోపలే ఉన్నట్టు, బయట మనమంతా దీపాలు పట్టుకుని నిలబడినట్టు రాశాను. నిజానికి ఆ బాధలో సగం తెచ్చిపెట్టేది బయటున్న మనమే. దానం అడిగే ప్రకటనలతో నా అసలు పేచీ ఇక్కడే. అవి బాధ ఉండే చోటు మార్చి చూపిస్తాయి.

ముందు మన మాట సంగతి చూద్దాం. సాహితీ క్లబ్ కదా మనది. జ్వరంతో బాధపడుతున్న, క్యాన్సర్‌తో బాధపడుతున్న, అదే వరుసలో ఆటిజంతో బాధపడుతున్న. తెలుగులో ఈ మాట ఎంత అలవాటైపోయిందంటే, రాసేటప్పుడు చెయ్యి దానంతటదే రాసేస్తుంది. జ్వరం వస్తుంది, పోతుంది. ఆటిజం అలా వచ్చి తగులుకునేది కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా అది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఆ చట్టం కూడా దీన్ని జబ్బు అనలేదు, నాడీ వ్యవస్థ ఎదుగుదలకు సంబంధించిన స్థితి అంది. మనం మాత్రం ‘ఆటిజం వ్యాధి’ అని హాయిగా రాసేస్తున్నాం.

ఏడుస్తున్న పిల్లాడు, పజిల్ ముక్క నేను కనిపెట్టినవేం కాదు. బ్రిటన్‌లో ఇప్పుడు నేషనల్ ఆటిస్టిక్ సొసైటీగా ఉన్న సంస్థను తల్లిదండ్రులు మొదలుపెట్టిన రోజుల్లో, 1963లో, పజిల్ ముక్కను గుర్తుగా పెట్టుకున్నారు. దాని మధ్యలో ఏడుస్తున్న పిల్లాడి బొమ్మ. వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ అర్థం ఏమైంది? ఈ పిల్లలు అర్థంకాని చిక్కుముడి, ఒక ముక్క తక్కువైన మనుషులు అని.

తర్వాతి రోజుల్లో జాలికి భయం కూడా తోడైంది. 2007 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ఒక యూనివర్సిటీకి చెందిన పిల్లల మానసిక వైద్య కేంద్రం ఊరంతా ప్రకటనలు పెట్టింది. అవి కిడ్నాపర్లు రాసే బెదిరింపు ఉత్తరాల్లా ఉన్నాయి. మీ అబ్బాయి మా దగ్గర ఉన్నాడు అంటూ కింద సంతకం ఆటిజం! ఆటిస్టిక్ యువకుడు ఆరీ నీమన్ నడిపే సంఘం దీనికి అడ్డం తిరిగింది. వికలాంగుల సంఘాలు ఎన్నో కలిసొచ్చాయి. నెలల తరబడి నడవాల్సిన ఆ ప్రచారాన్ని సుమారు రెండు వారాల్లోనే ఆపేశారు. అయినా 2009లో ఆటిజం స్పీక్స్ అనే పెద్ద అమెరికన్ సంస్థ మళ్లీ అదే దారి పట్టింది. ఆ వీడియోలో ఆటిజమే ఒక దొంగలా మాట్లాడుతుంది, మీ కాపురాలు కూలుస్తాను, మీ డబ్బు ఊడ్చేస్తాను అంటుంది. తీసింది ఎవరో కాదు, ‘గ్రావిటీ’ సినిమా డైరెక్టర్ అల్ఫోన్సో క్వారోన్. దీనిమీద కూడా గొడవ జరిగింది, వీడియో వెనక్కి పోయింది. అదే సంస్థ 2016లో తన లక్ష్యాల్లోంచి ‘నయం చేయడం’ అన్న మాట తీసేసింది.

‘అమెరికా సంగతి మనకెందుకు?’ అంటారేమో. భయానికి ఒక మార్కెట్ ఉంది, అది మన దగ్గరా ఉంది. ‘నీ కొడుకు బందీ’ అని ఒక తల్లికి పదిసార్లు చెప్తే, విడిపించేవాడి కోసం ఆమె వెతుకుతుంది. వెతికేవాళ్లకి అమ్మేవాళ్లు రెడీగా ఉంటారు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స అంటూ మన దేశంలో ప్రచారం ఎంత ముదిరిందంటే, 2022 డిసెంబర్‌లో నేషనల్ మెడికల్ కమిషన్ కలగజేసుకోవాల్సి వచ్చింది. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయడం లేదని, డాక్టర్లు దాన్ని రాసినా, ప్రచారం చేసినా వృత్తిపరమైన దుష్ప్రవర్తనే అవుతుందని చెప్పింది. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న పుకారు కూడా భయం మీద బతికిందే. 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసంతో అది మొదలైంది. ఆ వ్యాసాన్ని పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. పుకారు మాత్రం ఇంకా మన ఫ్యామిలీ గ్రూపుల్లో ఫార్వర్డ్ అవుతూనే ఉంది.

ఇక్కడ నా రూమ్మేట్ ఒక మాటన్నాడు. “జాలి చూపించకపోతే డబ్బులెవరిస్తార్రా? నీ సిద్ధాంతాలతో థెరపీ ఫీజు కడతారా?” సరైన ప్రశ్నే. థెరపీ కోసం పిన్ని వాణ్ని తీసుకుని పేరాల నుంచి గుంటూరుకు రైల్లో తిరిగిన రోజులు నేను చూశాను. వీపు మీద బ్యాగు, ఒక చేతిలో వాడి చెయ్యి, ఇంకో చేతిలో వాడు తినే ఒకే ఒక రకం బిస్కెట్ ప్యాకెట్. ఆ అలసట నిజం. రాత్రింబవళ్లు మనిషి తోడు అవసరమైన ఆటిస్టిక్ వాళ్లున్నారు. ఇదంతా తేలికని ఎవరన్నా చెప్తే నేను ఒప్పుకోను.

కానీ డబ్బు అడగొద్దని నేననడం లేదు. దేనికి అడుగుతున్నామో చెప్పి అడుగుదాం అంటున్నాను. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలున్నాయి. దగ్గర్లోని కేంద్రంలో స్పీచ్ థెరపిస్టు వారానికి ఎన్ని రోజులు వస్తున్నారు? ఏ సామాను లేదు? దానికి ఎంతవుతుంది? ఈ వివరాలతో పోస్టర్ వెయ్యొచ్చు. ఏడ్చే ముఖం చూపిస్తే డబ్బు త్వరగా వస్తుంది, నిజమే. కానీ అది చూసినవాళ్లు రేపు బస్సులో మా తమ్ముణ్ని చూసినప్పుడు సీటు ఇస్తారా, పక్కకి జరుగుతారా? వంద రూపాయలిచ్చిన చెయ్యే తన పిల్లాణ్ని వీడి పక్కన కూర్చోనివ్వకపోతే, ఆ వందతో ఎవరికి మేలు జరిగినట్టు?

జాలికి అవతలి ఒడ్డున ఇంకో బొమ్మ ఉంది. అది పొగడ్త. 1986లో కె. విశ్వనాథ్ తీసిన ‘స్వాతిముత్యం’లో కమల్ హాసన్ వేసిన శివయ్యను మన ఇళ్లల్లో అందరూ ప్రేమిస్తారు. నేనూ ప్రేమిస్తాను. శివయ్యది ఆటిజం అని ఇప్పుడు చాలామంది రాస్తున్నారు. కానీ మనకి గుర్తుండిపోయింది ఏంటి? మచ్చలేని ముత్యం, కల్లాకపటం తెలియని మనిషి. పిన్ని కొడుకు ముత్యమేం కాదు. అబద్ధం ఆడటం రాదేమో గానీ అలగడం, నా ఛార్జర్ దాచెయ్యడం బ్రహ్మాండంగా వచ్చు. ఇక 1988 నాటి ‘రెయిన్ మ్యాన్’ నుంచి మనం నెట్‌ఫ్లిక్స్‌లో చూసిన ‘ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ’ దాకా ఇంకో రకం, అద్భుతమైన మెదడు. ‘మరి మీవాడి టాలెంట్ ఏంటి?’ అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఏదో ఒక టాలెంట్ లేకపోతే మనిషిగా లెక్కలోకి రాడా? మన రాష్ట్రంలో సంక్షేమ శాఖ పేరులోనే ‘విభిన్న ప్రతిభావంతులు’ అని ఉంది. వినడానికి గౌరవంగానే ఉంది. కానీ ప్రతిభ చూపిస్తేనే హక్కులా?

సుప్రీంకోర్టు ఈ రెండు బొమ్మల గురించీ మాట్లాడింది. ‘ఆంఖ్ మిచోలీ’ సినిమా మీద నిపుణ్ మల్హోత్రా వేసిన కేసులో 2024 జులై 8న తీర్పిస్తూ, తెర మీద వికలాంగులను ఎలా చూపించాలో కొన్ని సూచనలు చేసింది. ‘బాధితుడు’, ‘బాధపడుతున్న’ లాంటి మాటలు సమస్యంతా ఆ మనిషిలోనే ఉన్నట్టు చేస్తాయని, సమాజం పెట్టే అడ్డంకులను కప్పేస్తాయని అంది. ఎగతాళి ఎంత తప్పో, వాళ్లను మానవాతీతులుగా చూపించడం కూడా అంతే తప్పని చెప్పింది. వాళ్ల గురించి తీసేటప్పుడు వాళ్లకి భాగం ఉండాలంది. అది చదివినప్పుడు నా పోస్టర్ ఎక్కడన్నా డిలీట్ కాకుండా మిగిలుందేమోనని వెతుక్కున్నాను.

మా గురించి మమ్మల్ని అడక్కుండా నిర్ణయించొద్దు అన్న మాట పేరాల వాళ్లకి కొత్తేం కాదు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి బ్రిటిష్ ప్రభుత్వం మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచింది. మీ మంచికే అని చెప్పింది. మాకొద్దన్నారు జనం. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలమంది ఇళ్లకి తాళాలేసి, ఊరి బయట రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఆ కథ చెప్పుకుని గర్వపడే మనం, ఒక పిల్లాడి బొమ్మ వేసేటప్పుడు వాణ్నో వాళ్లమ్మనో ఒక్క మాట అడగలేకపోయాం.

ఇప్పుడు మన క్యాంపస్ దగ్గరికి వద్దాం. 2021 నాటికి ప్రపంచంలో 127 మందిలో ఒకరు ఆటిస్టిక్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నాలుగు ఇయర్లూ కలిపి రెండున్నర వేలమంది ఉన్న కాలేజీ అనుకుంటే ఇరవై మంది. అందరూ ఇంజినీరింగ్ దాకా రారు కాబట్టి సగమే వేసుకోండి, పది మంది. ప్రకటనల్లో అందరూ చిన్నపిల్లలే, వాళ్లు పెరిగి బీటెక్‌లో చేరరు. అందుకే పక్క బెంచీలో ఉన్నా మనకి కనపడరు. క్యాంటీన్‌లో ఒక్కడే తినేవాడు, వైవాలో అన్నీ తెలిసి నోరు పెగలనివాడు, ఫెస్ట్‌లో డీజే మొదలవగానే హాస్టల్‌కి పోయేవాడు, మనం ‘రోబో’ అని పేరు పెట్టినవాడు. వీళ్లకి ఆటిజం ఉందని నేననడం లేదు, అలా ముద్ర వెయ్యడం మన పని కాదు. ఉన్నా లేకపోయినా ఆ పేరు పెట్టింది మనమే.

రేపు ప్లేస్‌మెంట్స్‌లో హెచ్‌ఆర్ రౌండ్ ఉంటుంది. కళ్లలోకి చూసి మాట్లాడలేదని మార్కులు తీస్తారు. కోడ్ రాయడానికి, కళ్లలోకి చూడటానికి సంబంధం ఏంటి? శాప్ కంపెనీ బెంగళూరులో ఆరుగురు ఆటిస్టిక్ వాళ్లను సాఫ్ట్‌వేర్ టెస్టర్లుగా తీసుకుని చూసి, 2013లో దాన్ని వేరే దేశాలకీ విస్తరిస్తామని ప్రకటించింది. వాళ్లేదో మేధావులని కాదు, పని చెయ్యగలరని. ఇంటర్వ్యూ పద్ధతి కొంచెం మారిస్తే చాలని.

మళ్లీ ఏప్రిల్ 2 వస్తోంది. నన్నే లైన్లు రాయమన్నారు. ఈసారి పిల్లాడి బొమ్మ వద్దన్నాను, దీపాలూ వద్దన్నాను. కాలేజీని అడగాల్సినవి రాసిచ్చాను. వైవాకి బదులు రాతలో జవాబిచ్చే వీలు. లైబ్రరీలో చప్పుడు లేని ఒక గది. ఫెస్ట్‌లో డీజే లేని ఒక సాయంత్రం. మాక్ ఇంటర్వ్యూల్లో కళ్లలోకి చూడటానికి మార్కులు ఉండకూడదు. అంత్యప్రాస ఏం కుదరలేదు. లైకులూ పెద్దగా రావేమో.

ఈ వ్యాసం పంపేముందు పిన్నికి చదివి వినిపించాను. తమ్ముడు పక్కనే ఉన్నాడు, విన్నాడో లేదో తెలీదు. వాడి పేరు రాయొద్దంది పిన్ని, రాయలేదు. ఫోటో నేను అడగలేదు. రైల్లో గుంటూరు తిరిగిన చోట ‘పాపం’ అని ఒక మాట రాశాను. అది తీసెయ్యమంది. తీసేశాను.