ఇంటిల్లిపాదికీ ఒకటే పాట

ఇప్పుడు ఇంట్లో నలుగురుంటే నాలుగు ఫోన్లు, నాలుగు ఇయర్‌ఫోన్లు. ఎవరి పాట వారిది. ఒకప్పుడు ఇల్లంతటికీ ఒకటే రేడియో. అది పాడిందే అందరి పాట!

సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో పెంకుటిళ్లు, పెద్ద కాంపౌండ్లు ఉన్న రోజులవి. ముందుగదిలో బల్లమీద, కుట్టుపూల గుడ్డ కప్పుకుని దర్జాగా కూర్చునేది వాల్వ్ రేడియో. స్విచ్ వేయగానే పలికేది కాదు. వాల్వులు వేడెక్కాలి. అందాకా పిల్లలు దాని ఆకుపచ్చ కన్ను వంక చూస్తూ కూర్చోవాల్సిందే. ముల్లు తిప్పే అధికారం మాత్రం ఇంటిపెద్దదే. పైగా పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టాలి!

1952లో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి.కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు కత్తెర వేశారు. జనం రేడియో సిలోన్‌కు మళ్లారు. బుధవారం రాత్రి 8 అయితే చాలు, బినాకా గీత్‌మాలాలో అమీన్ సయానీ గొంతు కోసం ఇళ్లన్నీ చెవులు రిక్కించేవి. తెలుగు పాటలు వినిపించడానికి మీనాక్షి పొన్నుదొరై ఉండనే ఉన్నారు. షార్ట్‌వేవ్ కదా, పాట అలలా వచ్చిపోయేది. సరిగ్గా చరణం దగ్గర మాయమయ్యేది. ఆ ఖాళీని ఇంట్లోవాళ్లే పాడి పూరించుకునేవారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చింది.

మారేడ్‌పల్లి పిల్లలకు ఇంకో అదృష్టం... ఇరుగుపొరుగు. పక్కనే కంటోన్మెంటు. 1966లో దక్షిణ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం సికింద్రాబాద్‌లో వెలిసింది. తెలుగు, తమిళ, ఉర్దూ ఇళ్లు పక్కపక్కనే ఉండేవి. ఒకింట్లోంచి ఎమ్మెస్ సుప్రభాతం, ఇంకో ఇంట్లోంచి రఫీ, మరో వైపు ఘంటసాల. గోడ దాటి వచ్చే పాటకు భాష అడ్డమేముంది? రాగం పేరు తెలియకుండానే చెవి తయారైపోయేది.

గ్రామఫోన్ ఉన్న ఇంటి వైభోగమే వేరు. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు మూడు నిమిషాలే. కీ ఇవ్వాలి, సూది మార్చాలి. ఉన్న పదో పన్నెండో రికార్డులే మళ్లీ మళ్లీ! ఎక్కడ గీత పడి సూది ఎగురుతుందో కూడా కంఠతా వచ్చేసేది.

తర్వాత టేప్‌రికార్డర్ల కాలం. 1980లో ‘శంకరాభరణం’ వచ్చాక ఆ పాటల కేసెట్ లేని తెలుగిల్లు అరుదు. రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి పాటలు రికార్డు చేసుకునేవారు. పాటతోపాటు కుక్కర్ ఈల, పాలవాడి కేక, ‘అన్నానికి రండర్రా’ అన్న నానమ్మ పిలుపూ టేపులోకి ఎక్కేవి. అప్పుడు విసుగు. ఇప్పుడు? పాట ఫోన్‌లో ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది. ఆ పిలుపు ఇంకెక్కడా దొరకదు! అటకమీది కేసెట్లకు బూజు పడుతుంది, టేపు అంటుకుపోతుంది. పారేసేముందు ఒక్కసారి వినండి. పనికొస్తే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి.

అమీన్ సయానీ 2024 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు ఎంతోమందికి గుర్తొచ్చింది ఆయన గొంతొక్కటే కాదు. ఆ గొంతు వింటూ పక్కన కూర్చున్న అమ్మా, నాన్నా, అక్కా, తమ్ముడూ కూడా. నాన్న పెట్టాడని సణుగుతూ విన్న పాటనే ఇవాళ కొడుకు కూనిరాగం తీస్తున్నాడు. తానుగా ఎంచుకుని ఉంటే ఆ పాట అతని దాకా వచ్చేదే కాదు.

ఈ ఆదివారం ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టి, పాటను హాల్లోకి వదలండి. మొదటి పాట మాత్రం ఇంట్లో పెద్దవాళ్లది!