ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి

మాది మరైగూడ. ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా జిల్లా, కోంటా నియోజకవర్గం. మావోయిస్టులు ఎన్నికల బహిష్కరణకు పిలుపునిచ్చే రోజుల్లో మా వైపు జనానికి వేలిమీది సిరా చుక్క అంటేనే భయం. ఎవరికి వేశామన్నది తర్వాత సంగతి, వేశామని తెలిస్తేనే ప్రమాదం. పక్కనున్న దంతెవాడ ఎమ్మెల్యే భీమా మండావిని 2019 ఏప్రిల్ 9న మందుపాతరతో చంపారు. ఆ సెప్టెంబరు 23న ఉప ఎన్నిక జరిగింది.

సరిహద్దు దాటి తెలంగాణలోకి వెళ్తే ఓటుకు ఈ భయం లేదని అనుకునేవాణ్ణి. 2022 నవంబరు 3న జరిగిన మునుగోడు ఉప ఎన్నిక ఆ భ్రమ తీర్చింది.

ఆ రోజుల్లో చౌటుప్పల్‌లో మా బావగారింట్లో ఉన్నాను. హైదరాబాదుకు గంట దూరం, విజయవాడ రోడ్డు పక్కనే. ఒక పార్టీవాళ్లు వచ్చి కవరు చేతిలో పెట్టారు. గోడమీది నరసింహస్వామి పటం దించి, దానిమీద చెయ్యి వేయించుకుని వెళ్లారు. బావకు నచ్చిన అభ్యర్థి వేరు. "మరి మీ ఇష్టప్రకారం వెయ్యండి, లోపల ఎవరు చూస్తారు?" అన్నాను. "స్వామి చూడడా బామ్మర్దీ? ఇంట్ల చిన్నపిల్లలున్నరు" అన్నాడు. ఒట్టు ప్రకారమే వేసి వచ్చాడు.

రహస్య ఓటు ఉన్నచోట ఓటు కొనడం నష్టాల బేరం. సరుకు అందిందో లేదో కొన్నవాడికి తెలియదు. ఆ లోటును పూడ్చేది దేవుడి పటం. జీతం లేని పోలింగ్ ఏజెంటుగా దేవుణ్ణి బూత్‌లో కూర్చోబెడుతున్నారు!

పెద్ద నాయకుల తీరూ ఇదే. పోలింగుకు ఆరు రోజుల ముందు, ఎమ్మెల్యేల కొనుగోలు ఆరోపణల్లో తమ పార్టీకి సంబంధం లేదంటూ, అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ యాదాద్రిలో తడిబట్టలతో ప్రమాణం చేశారు. ముఖ్యమంత్రి కేసీఆర్‌నూ వచ్చి ప్రమాణం చేయమని సవాలు విసిరారు. నిజం తేల్చాల్సింది దర్యాప్తు, సాక్ష్యం. తడిబట్టలు ఏం రుజువు చేస్తాయి?

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఈ సంగతి ఎప్పుడో గుర్తించింది. దైవాగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించి ఓటు రాబట్టడం 123వ సెక్షన్ ప్రకారం అవినీతికర చర్య. దేవుడున్నాడా లేడా అన్న చర్చ చట్టానికి అక్కర్లేదు. భయం నిజం, దాన్ని వాడుకోవడం నేరం. అంతే. కానీ పటం మీద చెయ్యి వేయించిన గదిలో సాక్షి ఎవరు? ఫిర్యాదు చేసేదెవరు?

"అయితే డబ్బు పుచ్చుకుని మాట తప్పమంటారా?" అని అడుగుతారు. డబ్బు పుచ్చుకోవడం తప్పే. ఆ తప్పును ఓటు అమ్మి సరిచేయలేం, రెండు తప్పులవుతాయి. లంచం కోసం వేయించుకున్న ఒట్టు ఎవర్నీ కట్టిపడేయదు. ఆస్తికులైనా ఒక్క ప్రశ్న వేసుకోవాలి: మీరు నమ్మే దేవుడు లంచానికి జామీను ఉంటాడా?

తప్పు మన వైపూ ఉంది. బాబాల మహిమలు బయటపెట్టడానికి ఊరూరా తిరుగుతాం. ఎన్నికలొస్తే అది రాజకీయం, మనకెందుకని ఊరుకుంటాం. మూఢనమ్మకానికి రొక్కంగా ధర పలికేది సరిగ్గా అప్పుడే. వచ్చే ఎన్నికల్లో, నోట్లు పంచేవాళ్లకంటే ముందే మనం వాడల్లోకి వెళ్లాలి. ఒట్టు తీసి గట్టు మీద పెట్టమని, పిల్లలకేమీ కాదని చెప్పాలి.

మా బావతో ఆ మాట నేను గట్టిగా చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.