పెరడు కనిపించని పోస్టుకార్డులు
బ్రిటన్‌లో పాత ఊళ్ల ఫొటోలంటే ముందు వినిపించే పేరు ఫ్రాన్సిస్ ఫ్రిత్. దేశంలోని ప్రతి పట్నాన్నీ, ప్రతి పల్లెనూ కెమెరాకెక్కించాలని 1860లో కంపెనీ పెట్టాడు. 1898లో ఆయన పోయాక కూడా ఆ పని దశాబ్దాలు సాగింది. చర్చి గోపురం, సంత వీధి, రాతి వంతెన... ఊళ్లన్నీ పెళ్లిచూపులకు కూర్చున్నట్టే ఉంటాయి. అమ్ముకోవాల్సిన బొమ్మలు కదా, పెరటివైపు కెమెరా తిప్పితే కొనేదెవరు? చిన్నతనాన్ని తలుచుకుని ‘ఆ రోజులే వేరు’ అనేవాళ్లు ముందేసుకునేది ఎక్కువగా ఇలాంటి కార్డులనే. నా ఓటు మాత్రం థామస్ అన్నన్‌కి. గ్లాస్గోలో కూల్చబోయే పాత సందులను ఫొటోలు తీసిపెట్టమని అక్కడి నగరాభివృద్ధి ట్రస్టు పురమాయిస్తే, 1868 నుంచి 1871 దాకా ఆ ఇరుకుల్లోకి కెమెరా మోసుకెళ్లాడాయన. ఎత్తయిన గోడలు, తడి నేల, తలపైన అడ్డంగా ఆరేసిన బట్టలు. వెలుతురు చాలని చోట కెమెరాలోని ప్లేటుకు చాలాసేపు వెలుగు తగలాలి. కదలకుండా నిలబడ్డవాళ్లు స్పష్టంగా పడ్డారు, కుదురు లేనివాళ్లు మొహాలు అలుక్కుపోయి మిగిలారు. వాళ్లలో పిల్లలే ఎక్కువని వేరే చెప్పాలా! ఊరి జ్ఞాపకాల పుస్తకాలు వేసేవాళ్లు సంత వీధికి ఒక పేజీ ఇస్తే ఎదుటి పేజీ ఇలాంటి సందుకివ్వాలి. ఇళ్లు కూల్చాక అక్కడివాళ్లు ఏ గడప ఎక్కారో కూడా కింద రాయాలి.