కడప రాళ్లకింద చమురు ఉంటే కూలీకేం ఒరుగుతుంది?

కడప, కర్నూలు మొదలు పల్నాడు దాకా పరచుకున్న రాతిపొరల్లో అడుగువి సుమారు 190 కోట్ల ఏళ్లనాటివి. అప్పటికి నేలమీద చెట్టూ చేమా లేవు, సముద్రంలో సూక్ష్మజీవులే. వేంపల్లె సున్నపురాళ్లలో వాటి ఆనవాళ్లు నేటికీ ఉన్నాయి. ఇలాంటి పాతకాలపు రాళ్లనుంచే ఒమన్, తూర్పు సైబీరియాల్లో చమురు తీస్తున్నారు. ఇక్కడా ఉండొచ్చు, లోపలి వేడికి మాడిపోయీ ఉండొచ్చు. ప్రభుత్వం కడప బేసిన్‌ను మూడో తరగతిలో పెట్టింది. అంటే ఆశే తప్ప సరుకు కంటబడలేదు.

మన ప్రశ్న వేరు. దొరికితే ఎవరికి? చమురు తవ్వే హక్కు ఇచ్చేది సర్కారు. భూమి పోతే రైతుకు పరిహారమన్నా వస్తుంది. సెంటు భూమి లేని కూలీకి పోయేది పని. ప్రమాదమొస్తే ముందు బలయ్యేదీ ఊరిజనమే. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014లో నగరం గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు.

2013 భూసేకరణ చట్టం, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడి పనిమీదే బతికే కూలీలనూ బాధితులుగా గుర్తిస్తుంది. ఆ మాట కాగితం మీదే ఉండిపోకూడదు. సర్వే జీపు ఊళ్లోకి రాగానే గ్రామసభ అడగాలి, కూలీల పేర్లు రాయించాలి. రిగ్గు దిగాక మొత్తుకుంటే వినేవాడుండడు.