అక్షింతల పురుగు: పేరొకటే, గుణాలు రెండు

వానలు మొదలైనయి. కామాటిపుర గల్లీలల్ల, మన చాళ్ల గ్యాలరీలల్ల నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు మట్టితోటి నిండినయి. చిక్కుడు, వంకాయ, టమాట పెట్టిన అక్కచెల్లెళ్లకు ఈ నెల ఒక్కటే మాట: మందు కొట్టే ముందు పురుగును గుర్తుపట్టండి.

వాన తెరిపిచ్చినంక చిక్కుడు కొసలకు నల్లగ ముద్దలు ముద్దలుగ పట్టేది పేనుబంక. రసం పీలుస్తది, చిగురు ముడుచుకపోతది. దాని ఒంట్లకెల్లి వచ్చే తీపి జిగురు కోసం చీమలు బారు కడుతయి. డబ్బాకు చీమలెక్కుతుంటే ఆకు తిప్పి చూడాలె.

మొన్న మా చాల్‌లో ఒక కోడలు బొద్దింకల మందు పట్టుకొని చిక్కుడు తీగ కాడ నిలబడ్డది. "కాకా, నల్ల పురుగులు మళ్ల పట్టినయి" అన్నది. పోయి చూస్తే అవి అక్షింతల పురుగు పిల్లలు. తల్లి ఎర్రగ, గుండ్రంగ, నల్లచుక్కలతోటి మెరుస్తది. పిల్ల నల్లగ, పొడుగ్గ, చిన్న మొసలి లెక్క ఉంటది. తినేది మాత్రం పేనుబంకనే. రెక్కలొచ్చేలోపల ఒక్కొక్కటి వందల పేన్లను తింటది.

వంగ ఆకును గీకి జల్లెడ చేసేదాన్ని గూడ అక్షింతల పురుగనే అంటరు. దానిది మాసిన ఇటుక రంగు, మెరుపుండదు, వీపుమీద 12 గాని 28 గాని చుక్కలుంటయి. పిల్ల పసుపుపచ్చగ, ఒంటినిండ ముండ్లతోటి ఉంటది. దాన్ని చేత్తో ఏరి సబ్బునీళ్లల్ల వెయ్యాలె.

మిల్లుల సాంచె మీద పోగు తెగితే ఆ పోగునే ముడేసినం, బీము మొత్తం కోసెయ్యలే. బొద్దింకల మందు కొడితే దోస్తు, పగోడు ఇద్దరు సస్తరు. పేనుబంక మగది లేకుండనే పిల్లలు పెడుతది, తొందరగ మళ్లొస్తది. దోస్తు అంత తొందరగ రాదు. పైగ ఒక్క ఖోలీల వంట, నిద్ర, పిల్లలు. ఆ చిక్కుడే కూరైతది గద! మొదలు నీళ్లు గట్టిగ కొట్టి కడగాలె. తగ్గకుంటే లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం చల్లాలె.

టమాట పక్కన బంతి పెట్టండి. కాయతొలిచే పురుగు తల్లి బంతి మొగ్గల మీద గుడ్లు పెడుతది. ఆ మొగ్గలు తుంచేస్తే సరి. మన ఊర్లల్ల రైతులు చేన్ల చుట్టు బంతి, ఆముదం వేసేది ఇందుకే. పిట్టలు వాలి పురుగులు తినాలని నడుమ కట్టెలు పాతుతరు. జనగామ దిక్కు ఏనెబావి ఊరు ఊరంత ఇట్లనే, రసాయనాలు లేని సాగు చేస్తమని 2006లో ప్రకటించింది.

మనకు ఊరపిచ్చుకలున్నయి. గింజలు తినేవే అయినా పిల్లలకు పురుగులే పెడుతయి. మూకుడుల నీళ్లు పెట్టి రోజూ మార్చండి, లేకుంటే దోమలైతయి. పావురాలు నారు పీకుతయి, పాత దోమతెర కప్పండి.

బంతి గింజలు కొనే పని లేదు. పోయిన దసరా తోరణం ఎండబెట్టి దాచినోళ్లను అడగండి. ఇప్పుడు చల్లితే బతుకమ్మ వరకు పూలు చేతికొస్తయి.

వచ్చే నెల మిరప ఆకుముడత సంగతి చూద్దాం.