బోనస్ బయటపెట్టిన సంగతి

జీతాన్ని పిల్లల మార్కులతో ముడిపెడతామని ఎవరన్నా మా ఉపాధ్యాయ సంఘాలన్నీ ఒక్క గొంతుతో లేస్తాయి. బడి ఫ్యాక్టరీ కాదంటాం. నిజమే. కానీ ఆ మాట చాటున మేం దాచుకున్నది వేరే ఉంది.

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రయోగం మొదలైంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాన్ని నడిపారు. ఆదిలాబాద్, నిజామాబాద్, కడప, నెల్లూరు, విశాఖ జిల్లాల్లో 200 పల్లె బడుల టీచర్లకు బోనస్ ఇచ్చారు, పోల్చి చూడటానికి మరో 100 బడులకు ఇవ్వలేదు. సగటు మార్కులు 5 శాతానికి మించి పెరిగితే, ఆపైన ఒక్కో శాతానికి 500 రూపాయలు. మొత్తమ్మీద ఏడాది జీతంలో 3 శాతం దగ్గర. రెండేళ్లు తిరిగేసరికి ఆ బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో ముందుకెళ్లారు. బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా.

మమ్మల్ని పట్టిచ్చింది హాజరు లెక్క. బోనస్ వచ్చినా టీచర్లు బడికి రావడం పెరగలేదు. ఎప్పటిలాగే వచ్చారు, ఎప్పటిలాగే ఎగ్గొట్టారు. వచ్చిన రోజున మాత్రం హోంవర్కు ఎక్కువిచ్చారు, బడి వదిలాక ఆపి చెప్పారు, ప్రాక్టీసు పరీక్షలు పెట్టారు. అంటే చెప్పడం మాకు ముందే వచ్చు. చెప్పలేదంతే.

నేను కూర్చున్న ఏ సంఘ సమావేశంలోనూ ఈ ముచ్చట రాలేదు. డీఏ బకాయిలు, పీఆర్సీ, బదిలీలు వచ్చాయి. (రావాల్సినవే, కాదనను.)

బడిలో మాత్రం ఐదో తరగతి పిల్లాడు 52లోంచి 17 తీసేసి 45 అని వేస్తాడు. పైన రెండుంటే, కింద ఉన్న ఏడులోంచే దాన్ని తీసేశాడు. అప్పు తెచ్చుకోవడం మేం నేర్పలేదు. ఆ పేజీ అడుగున ఎర్ర ఇంకుతో మా సంతకం, తేదీ ఉంటాయి. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) రికార్డులో వాడిది 'ఎ' గ్రేడు. ఆ గ్రేడ్లు చాలావరకు ఇంట్లో టీవీ ముందు కూర్చుని వేసినవి. పైవాళ్లు కాగితం అడిగారు, కాగితం ఇచ్చాం.

పదో తరగతి నూరు శాతం ఫలితాల కథ అందరికీ తెలిసిందే. 2022లో ప్రశ్నపత్రాలు వాట్సాప్‌లో తిరిగితే అరెస్టయిన వాళ్లలో టీచర్లూ ఉన్నారు. మార్కులతో డబ్బు ముడిపెడితే అడ్డదారులు తొక్కుతారని మేం వాదించేది అనుభవంతోనే.

రేపు ప్రభుత్వం ఫలితాలను బట్టి జీతమంటే, పిల్లాడు మొదట ఎక్కడున్నాడో చూసి కొలవమని అడుగుతాం. న్యాయమైన కోరికే. వాడు ఎక్కడున్నాడో రాయాల్సిన రికార్డు మా చేతిలోనే ఉండేది. అందులో 45 వేసినవాడు 'ఎ' గ్రేడులో ఉన్నాడు.